పద్నాలుగు నలుసుల వెనకబాటు

రోజు 3,288

రేవు గడియారం పద్నాలుగు నలుసులు వెనకబడింది. సవరించాను.

ఇలాంటి వాక్యం ఈ పుస్తకంలో ఎన్నిసార్లు రాశానో తలుచుకుంటే నాకే విసుగు. నలుసు అంటే సెకండులో లక్ష కోట్లో వంతు. అంతమాత్రానికి ఇంత రాద్ధాంతమా అని రేవులో వాళ్ళు నవ్వుకుంటారని నాకు తెలుసు. నవ్వుకోనీ. వాళ్ళ బండ్లు ఈ నారింజ రంగు పొగలో దారి తప్పకుండా ఇల్లు చేరుతున్నాయంటే మా మూడు గడియారాలు పంపే సంకేతాల వల్లే.

మూడింటిలో పెద్ద గడియారం నా దగ్గరుంది. రెండోది ఇక్కడికి నూట అరవై కిలోమీటర్ల దూరంలో, మొదటి ఓడ దిగిన మెట్ట మీద, మనిషి అక్కర్లేకుండా తనంతట తనే నడుస్తుంది. మూడోది మీథేన్ సరస్సు ఒడ్డున, అరవై ఎనిమిది మంది ఉండే రేవులో ఉంది. దాన్ని చూసుకునేది గున్నమ్మ. పెద్ద గడియారానికి అడుగుల చప్పుడూ యంత్రాల వేడీ పడవు కాబట్టి నన్ను రేవుకు నలభై కిలోమీటర్ల దూరంలో, ఒక్క మనిషికి సరిపడే గాలితో, ఈ గదిలో పెట్టారు. టైటాన్‌కు వచ్చేటప్పుడు రోజూ ఆకాశంలో శనిగ్రహాన్ని చూడొచ్చని సంబరపడ్డాను. తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా కనిపించలేదు.

ఎల్లుండి రేవులో సభ. పదిరోజులకోసారి అందరూ వంటశాలలో కూర్చుంటారు, నేను రేడియోలో గడియారాల ఫలితం చదువుతాను. ఎవరి గడియారం వెనకబడితే వాళ్ళు తర్వాతి పదిరోజులూ ఊరందరి అంట్లూ తోమాలి. ఇది మా ఆచారం, ఎవరు మొదలుపెట్టారో గుర్తులేదు. మెట్ట మీద మనిషి లేడు. పెద్ద గడియారం వెనకబడటమనేది ఉండదు, అది ఏం చెబితే అదే సమయం. కాబట్టి అంట్లు ఎప్పుడూ గున్నమ్మవే.

మొదటి ఏడాది ఆమె రోజూ రేడియోలో తన గడియారం అంకె చెప్పాక కూడా చాలాసేపు మాట్లాడేది. ఎవరు ఎవరితో పోట్లాడారో, ఏం వండారో చెప్పేది. నన్ను పైడన్నా అని పిలిచేది. ఒక సభలో, గడియారం అద్దం రోజూ తుడవడానికి ఆమెకు బద్ధకమని అందరూ వినేలా అన్నాను. అందరూ నవ్వారు. ఆ మర్నాటి నుంచి అంకె ఒక్కటే చెప్పి కట్ చేస్తుంది. ఉన్నమాట అన్నాను, అందులో నా తప్పేమీ లేదనే అనుకుంటున్నాను. అయినా రోజంతా నేను వినే మనిషి గొంతు ఆ ఒక్క అంకే కావడం బాగాలేదు.

రోజు 3,290

రేవు గడియారం పద్నాలుగు వెనక. సవరించాను. సభలో చదివాను. అంట్లు గున్నమ్మకే.

సూరప్పడు వచ్చాడు. గున్నమ్మ తమ్ముడు, బండి తోలతాడు. రెండు నెలలకోసారి నాకు పప్పూ పిండీ గాలిని వడకట్టే జల్లెడలూ తెస్తాడు. వచ్చినవాడు ఒక గంట కంటే ఉండకూడదు, గడియారానికి మంచిది కాదు. ఎప్పుడూ రెండు గంటలుంటాడు. నేను గసురుతూనే టీ పెడతాను.

ఈసారి వాడి చేతిలోంచి మరమేకు ఒకటి జారి బల్ల కిందికి పోయింది. మోకాళ్ళ మీద కూర్చుని వెతుకుతూ, అసలు దీన్ని కిందికి లాగేదేమిటని అడిగాడు. లాగేవాళ్ళెవరూ లేరన్నాను. వాడికి నచ్చలేదు. ఇంత చదువుకుని చెప్పేది ఇదా అన్నట్టు చూశాడు. సరే అని, నీ బండికి ఎడమ చక్రాలు కుడి చక్రాలకంటే కాస్త నిదానంగా తిరిగితే ఏమవుతుందని అడిగాను.

“ఎడం పక్కకి తిరుగుతాది.”

స్టీరింగు తిన్నగా పట్టుకున్నా తిరుగుతుందా అని అడిగాను. పట్టుకున్నా తిరుగుతాదన్నాడు. ఇదీ అంతే అని చెప్పాను. నేలకు దగ్గరగా కాలం నిదానం, పైన కాస్త వేగం. నీ కాళ్ళ దగ్గర ఉన్న కాలం నీ తల దగ్గరున్న కాలంకంటే అణుమాత్రం నిదానంగా నడుస్తుంది. ఊరికే కూర్చున్న వస్తువు కూడా కాలంలో ముందుకు ప్రయాణం చేస్తూనే ఉంటుంది. కిందివైపు నిదానమైతే ఆ ప్రయాణం కిందికి తిరుగుతుంది. జారిన మరమేకు తన మటుకు తాను తిన్నగానే పోతుంది. స్థలమూ కాలమూ కలిసి వంగి ఉన్నచోట తిన్నగా పోవడమే మనకు పడటంలా కనిపిస్తుంది. ఇక బరువంటావా, తిన్నగా పోవాల్సినవాణ్ణి నేల అడ్డుకుని పైకి తోయడమే. పడుతున్నవాడికి బరువుండదు.

సూరప్పడు టీ అంతా తాగాడు. బయల్దేరేముందు తలుపు దగ్గర శిరస్త్రాణం పెట్టుకుంటూ అన్నాడు.

“అయితే పైడన్నా, మా అప్ప గడియారం నిదానంగా ఉన్నాదంటే, అప్ప కిందకి దిగిపోతన్నాదేటి?”

ఇద్దరం నవ్వుకున్నాం. వాడు వెళ్ళిపోయాడు.

రోజు 3,291

పద్నాలుగు వెనక. సవరించలేదు.

నిన్న సూరప్పడు వెళ్ళాక పొయ్యి మీద గంజి పెట్టి, పాత పుస్తకాలు దించాను. గంజి అడుగంటింది. పుస్తకాలు తొమ్మిది, అన్నీ నా దస్తూరీయే. మొదటి ఏడాది రేవు వెనకబాటు రోజుకు సున్నా, ఎప్పుడైనా ఒకటి. మూడో ఏడాది రెండు. ఐదో ఏడాది నాలుగు. నిరుడు ఎనిమిది. కిందటి నెల పదకొండు. ఇప్పుడు పద్నాలుగు. ఏరోజుకారోజు గడియారాన్ని ముందుకు జరిపి నా దానితో సమం చేసి, పేజీ తిప్పేశాను. ఒక్కనాడైనా అంకెలన్నీ పక్కపక్కన పెట్టి చూసినవాణ్ణి కాను.

రేవు నేల కొండరాయి లాంటి మంచు అని మొదటి సర్వేలోనే రాశారు. గడియారాలు పెట్టినప్పుడే ఎత్తుపల్లాల లెక్క కూడా వేసి కలిపేశాం. ఆ తర్వాత ఏ గడియారమైనా వెనకబడితే అది గడియారం తప్పు, అంటే మనిషి తప్పు. నేల దిగుతుందన్న ఊహ నాకు రాలేదు. కాలం కింద నిదానమని సూరప్పడికి పాఠం చెప్పేంత తెలివున్న నాకు, పాఠం విని బండి తోలుకుపోయేవాడికి వచ్చిన ఊహ రాలేదు.

మెట్ట గడియారానికీ నా దానికీ మధ్య తొమ్మిదేళ్ళుగా తేడా మారలేదు. కాబట్టి నేనేమీ పైకి లేవడం లేదు. మారింది రేవే. ఇక్కడ ఒక మీటరు కిందికి దిగితే రోజుకు ఒకటింబావు నలుసు పైచిలుకు వెనకబడాలి. పద్నాలుగంటే దాదాపు పదకొండు మీటర్లు. ఊరు ఊరంతా, గోడ పగలకుండా, గ్లాసులో నీళ్ళు తొణక్కుండా పదకొండు మీటర్లు దిగిపోయింది. సరస్సు అడుగునుంచి నేలను తినేస్తోంది. నిరుటినుంచి ఆ దిగడం జోరందుకుంది. అది ఎప్పటిదాకా ఇలా మెత్తగా దిగుతుందో, ఎప్పుడు ఒక్కసారిగా విరుగుతుందో ఏ లెక్కా చెప్పదు.

ఇంకో మాట కూడా రాయాలి. గున్నమ్మ గడియారం ఒక్కరోజు కూడా తప్పు చెప్పలేదు. అక్కడ కాలమే అంత నిదానంగా నడిచింది. ఆమె నిజంగానే నాకంటే ఆ కాస్త తక్కువ బతికింది. నేను దాన్ని తప్పని కొట్టేసి, ఆమెచేత అంట్లు తోమించాను.

రోజు 3,292

పద్నాలుగు వెనక.

ఊరిపెద్ద తవిటినాయుడితో రేడియోలో మాట్లాడాను. మంచివాడే, కానీ ఏ మాటైనా రెండువైపులా తిప్పి చూస్తే గాని పుచ్చుకోడు. ఎక్కడైనా బీటలు వారాయా, నేల అదిరిందా అని అడిగాడు. అన్నీ కలిసే దిగుతున్నాయి కాబట్టి ఏమీ కనిపించదని చెప్పాను. ఆయనకు అది చాల్లేదు.

“తొమ్మిదేళ్ళనుండి గున్నమ్మ గడియారం పాడన్నావు. ఇయ్యాల నేల పాడంటన్నావు. రేపు ఏటంటావు, పైడిరాజూ?”

నా పుస్తకాలే నాకు ఎదురు సాక్ష్యం. మూడువేల పైచిలుకు రోజుల సవరణలు, కింద నా సంతకం. ఇల్లూ వాకిలీ, పంటగదులూ వదిలి అరవై ఎనిమిది మంది మెట్టకు పోవాలంటే ఒక్కడి మాట చాలదన్నాడు. ఆయన చోట నేనున్నా అదే అనేవాణ్ణి. అడిగిందల్లా ఒకటే, రేపే సభ పెట్టమని. సరేనన్నాడు.

రోజు 3,293

పద్నాలుగు వెనక.

సభలో చెప్పాను. ముందు కాగితం మీద రాసుకున్నాను. మూడుసార్లు రాస్తే మూడుసార్లూ సర్వే చేసినవాళ్ళ మీదికి తోసేలా వచ్చింది. చించేసి ఊరికే మాట్లాడాను. గున్నమ్మ గడియారం ఎప్పుడూ సరిగ్గానే ఉందనీ, తప్పు నాదనీ, అది నేలను గురించి చెబుతుంటే నేను రోజూ దాని నోరు నొక్కాననీ చెప్పాను. ఎవరో దగ్గారు. కుర్చీ లాగిన చప్పుడైంది. రేడియోకు అవతల ఉన్నందుకు సంతోషించాను, అంత పిరికితనం ఉంది నాలో.

అప్పుడు గున్నమ్మ మాట్లాడింది. ఎనిమిదేళ్ళ తర్వాత ఆమె నోట అంకె కాని మాట విన్నాను. నాతో కాదు, సభతో.

“రేవుమెట్లు మూడుసార్లు ఎనక్కి జరిపినాం. సరస్సు పెరిగిందనుకున్నాం. వానలు అంతగా ఏ ఏడు పడినాయి? ఆయన అంకెలే అడిగినాడు గానీ, ఒక్కపాలి ఇక్కడెలాగున్నాదని అడిగితే సెప్పేదాన్ని.”

మెట్ల సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. తలా ఒక మెట్టు మోసినవాళ్ళే. అంకెను నమ్మనివాళ్ళు మెట్లను నమ్మారు. ఇక తవిటినాయుడు తిప్పి చూడటానికేమీ మిగల్లేదు. రెండు బండ్లు, బండికి పన్నెండు మంది, మూడు విడతలు. విడతకు రెండు రోజులు. మెట్ట మీద పాత ఓడ గదులున్నాయి. గున్నమ్మ చివరి విడతలో వస్తానంది. రోజూ అంకె చెప్పేవాళ్ళు కావాలి కదా అంది.

రోజు 3,296

పదహారు వెనక.

మొదటి విడత మెట్ట చేరింది. రెండో విడత ఇప్పుడే నా తలుపు ముందునుంచి పోయింది. కిటికీలోంచి దీపాలు చూశాను. లోపల ఎవరో చెయ్యి ఊపారు. నాకు కాకపోవచ్చు, అయినా నేనూ ఊపాను.

గున్నమ్మ పదహారు అని చెప్పింది. నేను క్షమించమందామని నోరు తెరిచేలోగా కట్ చేసింది.

రోజు 3,298

పొద్దున ఇరవై ఒకటి వెనక.

ఇది మళ్ళీ చదవాలని లేదు, కానీ రాయాలి.

మెట్ట మీద తిండి రెండు నెలలకే ఉందని, పంటగదిలోని విత్తనాల పెట్టెలు రాకపోతే ఆ తర్వాత ఆకలేనని నిన్న సాయంత్రం తేలింది. అందుకని చివరి ఇరవై మందిలో పందొమ్మిది మంది ఒకే బండిలో కుక్కుకుని బయల్దేరారు. గున్నమ్మ వాళ్ళతో ఉంది. పెట్టెలు ఎక్కించుకు రావడానికి రెండో బండితో సూరప్పడు ఒక్కడూ ఆగాడు. గున్నమ్మ వచ్చేసినా రేవు గడియారం నడుస్తూనే ఉంది, దాని సంకేతం నాకు నేరుగా అందుతోంది.

సూరప్పడు రేడియోలో పిలిచి, రెండు గంటలు పడుతుంది, టైముందా అని అడిగాడు. నేను అంకె చూశాను. ఇరవై ఒకటి, పొద్దుటినుంచి కదల్లేదు. ఉంది, తొందరగా కానీ అన్నాను. చుట్టూ ఏం కనిపిస్తోందని అడగలేదు. సరస్సు అప్పటికే వంటశాల గోడ తాకిందట. అది మొదటి బండిలో ఉన్న పందొమ్మిది మందికీ తెలుసు. నాకు తెలియదు, ఎందుకంటే నేను అంకె చూశాను.

గంటన్నర తర్వాత పెట్టెలు ఎక్కించాను, వచ్చేస్తన్నాను అన్నాడు. తర్వాత కాసేపటికి మళ్ళీ పిలిచాడు. గొంతులో పెద్ద కంగారేమీ లేదు.

“బండి ఎడం పక్కకి వాలతన్నాది.”

స్టీరింగు తిన్నగా పట్టుకో అన్నాను. అంతకంటే తోచలేదు.

“తిన్నగానే పట్టుకున్నాను, పైడన్నా.”

ఆ తర్వాత రేడియోలో హోరు. రేవు గడియారం సంకేతం నాలుగు సెకండ్లు వచ్చి ఆగిపోయింది. పిలిచాను. గంటసేపు పిలుస్తూనే ఉన్నాను. పడుతున్నవాడు తిన్నగానే పోతాడని, వాడికి బరువుండదని, వాణ్ణి ఎవరూ లాగరని నేనే వాడికి చెప్పాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అది నాకు ఈ రోజు ఎందుకూ పనికిరాలేదు.

మొదటి బండి నా గది ముందుకు వచ్చింది. గున్నమ్మ రేడియోలో పిలిచింది.

“తమ్ముడు ఎనకాల వస్తన్నాడా?”

రావడం లేదని చెప్పాను. నేల విరిగిందని, టైముందని నేనే చెప్పానని కూడా చెప్పాను. ఆ రెండో మాట దాచుకోవచ్చు. దాచుకోలేదు.

బండి ఇంజను ఆపకుండా అక్కడే నిలబడింది. ఆ అదురుకు పెద్ద గడియారం తెర మీది గీత చెదిరిపోయింది, తొమ్మిదేళ్ళలో ఎన్నడూ అంత చెదరలేదు. ఇంజను ఆపమని అనలేదు. ఎంతసేపున్నారో కూడా చూడలేదు. తర్వాత వెళ్ళిపోయారు.

రోజు 3,301

అంకె లేదు.

మూడు రోజులుగా రేడియోలో ఎవరూ పిలవలేదు. వండుకోలేదు. పెద్ద గడియారం మళ్ళీ కుదుటపడింది, గీత వెంట్రుకలా నిలిచింది. తుడవాల్సినవన్నీ తుడిచాను. పక్కన ఇంకో గడియారం అంకె లేకపోతే ఇది నిదానంగా నడుస్తోందో వేగంగా నడుస్తోందో దీనికీ తెలియదు, నాకూ తెలియదు. మెట్ట నుంచి సంకేతం వస్తోంది గానీ చదివి చూసే ధైర్యం లేదు.

నన్ను ఈ పనినుంచి తీసెయ్యమని తవిటినాయుడికి సందేశం పంపాను.

రోజు 3,303

తవిటినాయుడు జవాబిచ్చాడు. తీసెయ్యడట. మెట్ట నేల గట్టిదో కాదో ఇకమీదట రోజూ చూసుకోవాలి, దానికి రెండు గడియారాలు కావాలి, రెండు చోట్లా మనుషులు కావాలి అన్నాడు. అంట్ల ఆచారం ఎత్తేశారట, ఇప్పుడు వంతులవారీగా తోముతున్నారట. మెట్ట గడియారం గున్నమ్మ చూసుకుంటానందని చెప్పాడు. ఎవరూ ఆమెను అడగలేదని, తనే వచ్చి ఆ గదిలో కూర్చుందని చెప్పాడు. విత్తనాలు లేవు. భూమినుంచి సరుకు ఓడ వచ్చేదాకా పూటకు సగం తిండి అని తీర్మానించారు.

సాయంత్రం ఆమె పిలిచింది.

“సున్నా.”

రాసుకున్నాను. కట్ చేసేలోగా, అక్కడ ఎలా ఉంది అని అడిగాను. కట్ చేసింది.

రోజు 3,311

సున్నా. సవరణ లేదు. ఎలా ఉందని అడిగాను. కట్ చేసింది.

రోజూ అడుగుతున్నాను. ఇందులో పట్టుదల ఏమీ లేదు. ఆమె జవాబు చెప్పాలని కూడా కాదు. అంకె తర్వాత ఆ మాట అడగకపోతే అంకె విన్నట్టే ఉండదు నాకు. అడిగిన ప్రతిసారీ ఆమె కట్ చేసేముందు ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణంలో ఆమె ఊపిరి వినిపిస్తుంది. అది సూరప్పడి ఊపిరిలాగే కాస్త గురగురలాడుతుందని ఇన్నేళ్ళలో నాకు తెలియదు.

రోజు 3,316

సున్నా. అడిగాను. కట్ చేసింది.

ఈరోజు గది బయటికి వెళ్ళి రేవు వైపు కాసేపు నడిచాను. కనిపించేదేమీ లేదు, పొగ తప్ప. బూట్ల కింద నేల నన్ను పైకి తోస్తూనే ఉంది. సూరప్పడు లేకుండా రెండు నెలలకోసారి వచ్చే ఆ రెండు గంటలూ ఎలా గడుస్తాయో తెలియదు. వాణ్ణి అంత గసిరి ఉండాల్సింది కాదు.

రోజు 3,322

సున్నా.

అక్కడ ఎలా ఉంది అని అడిగాను. ఆమె ఆగింది. ఎప్పుడూ ఆగేదానికంటే ఎక్కువసేపు ఆగింది. ఇక కట్ అవుతుందని నేను పెన్ను తీసుకున్నాను.

“ఇయ్యాల పప్పు మాడిపోనాది.”

నాకు ఏడుపు వచ్చేసింది. ఆమెకు వినపడకుండా నోరు మూసుకున్నాను. ఉన్నదే సగం తిండి, అందులో పప్పు మాడిందంటే ఊరంతా ఎంత గొడవైందో. తొందరపడి ఏమైనా అంటే కట్ చేస్తుందేమోనని భయపడ్డాను.

ఎలా మాడింది అని అడిగాను.